ఆరుగురు మగవాళ్ళూ నాలుగు టైర్లూ

శనివారం ఉదయం లినెట్ పెట్టుకున్న పని ఒక్కటే. చర్చి వేలానికి కుడుతున్న బొంతకు అంచు కొలిచి, మధ్యాహ్నంలోగా కుట్టేయాలి. కుట్టు పెట్టె తెరిస్తే దారాలున్నాయి, కత్తెర ఉంది, టేపు లేదు. మిషను సొరుగులో వెతికింది, సోఫా కింద వెతికింది, చివరికి బ్రెడ్ డబ్బాలో కూడా చూసింది. పావుగంట తరువాత అది ఆమె భర్త ఆర్డెన్ కోటు జేబులోంచి బయటపడింది. తెల్లని బట్ట టేపు బురదా గ్రీజూ పూసుకుని గుర్తుపట్టలేకుండా ఉంది.

"ఇది బట్టలు కొలిచే టేపు, ఆర్డెన్."

"కొలిచేందుకే వాడాను."

"నీ ఇనప టేపు ఏమైంది?"

"ఓర్విల్ దగ్గర ఉంది."

ఓర్విల్ పక్కింటాయన. నిచ్చెన, మంచు ఎత్తే పార, టైర్లకు గాలి కొట్టే పంపు కూడా ఆయన దగ్గరే ఉన్నాయి. అన్నీ ఒక్కరోజుకని తీసుకెళ్ళినవే. బదులుగా గత నవంబరులో ఓర్విల్, ఆర్డెన్ పికప్ ట్రక్కు వెనక తొట్టి మీద నిచ్చెనలు పెట్టుకోవడానికి ఒక ఎత్తైన ఇనప చట్రం వెల్డింగ్ చేసి పెట్టాడు. పెట్టుకోవడానికి నిచ్చెన మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఇంతకీ ఆర్డెన్ కొలిచింది ట్రక్కునే. దాని టైర్లు అరిగి నున్నబడ్డాయి, మార్చక తప్పదు. మారుస్తున్నప్పుడు మూడంగుళాలు పెద్దవి వేయించాలని శీతాకాలమంతా ఆలోచించాడు. ఏప్రిల్ వస్తే నార్త్ డకోటా మట్టిరోడ్లు జావలా మారతాయని, బండి కాస్త ఎత్తు మీద ఉండడం మంచిదని అతని వాదన. కాఫీ హోటలు ముందు అందరి ట్రక్కులూ అతని ట్రక్కు కంటే ఎత్తుగా ఉంటాయన్నది లినెట్ గమనించిన సంగతి.

"ఉన్న సైజే వేయించు. మీ అమ్మ ఎలా ఎక్కుతుంది?" అంది టేపును సబ్బు నీళ్ళలో ముంచుతూ. "ముందు ట్రక్కు తొట్టిలో ఉన్న ఇసుక బస్తాలు దింపు. మంచు కరిగి రెండు వారాలైంది."

"దింపుతాను."

"పోయిన శనివారం కూడా ఇదే మాటన్నావు."

వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ఆర్డెన్ తల్లి బెర్నీస్ ఇద్దరివైపూ తల తిప్పింది. ఆవిడకు ఎనభై ఆరేళ్ళు. "మీరు పోట్లాడుతున్నది టేపు గురించా, టైర్ల గురించా, నా గురించా? తెలిస్తే నేనూ ఒక మాట వేస్తాను" అంది.

ఆవిడకు ఇద్దరూ రెండు మసక ఆకారాలుగానే కనిపిస్తున్నారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఈ శీతాకాలంలో పేకాటలో రాణిని జాకీ అనుకుని ఓర్విల్ చేతిలో ఏడు సార్లు ఓడింది. చర్చిలో కోట్లు తగిలించే కొయ్యకు గుడ్ మార్నింగ్ చెప్పి, అది బదులు చెప్పలేదని వారమంతా నొచ్చుకుంది. ఐదు నెలలు ఎదురుచూస్తే మొదటి కంటి ఆపరేషనుకు సోమవారం పది గంటలకు రమ్మన్నారు. ఆసుపత్రి డెబ్భై మైళ్ళ దూరం. ఆ వేళ తప్పితే మళ్ళీ జూలైలోనే. బెర్నీస్ ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించి, చదవలేకపోయినా పూటకోసారి దాని ముందు నిలబడుతోంది.

టైర్ల దుకాణంలో మనిషి తొందరపడే రకం కాదు. పెద్ద టైర్లయితే చక్రం పూర్తిగా తిప్పినప్పుడు లోపల కాస్త రాసుకోవచ్చని, పెట్రోలు ఎక్కువ తాగుతుందని, మీటరు తప్పు చూపిస్తుందని వరసగా చెప్పాడు. మీటరు అరవై చూపిస్తుంటే బండి నిజానికి అరవై ఆరులో పోతుందట. ఆర్డెన్ అన్నిటికీ తల ఊపాడు. అప్పటికే అతని చెయ్యి పెద్ద టైరు మీద ఉంది.

"బండి ఎక్కడ పెడతారు?" అన్నాడు దుకాణం మనిషి.

"గ్యారేజిలో. కొలిచే వచ్చాను." ఆర్డెన్ జేబులోంచి ఒక కవరు తీశాడు. ఇనప చట్రం పైనుంచి గ్యారేజి తలుపు దూలం దాకా రెండున్నర అంగుళాల ఖాళీ ఉందని దాని మీద రాసుకున్నాడు.

మూడంగుళాలు పెద్ద టైరు వేస్తే బండి లేచేది ఒకటిన్నరేనని, మిగతా సగం ఇరుసు పైన ఉంటుందని దుకాణం మనిషి చెప్పాడు. అంటే ఇంకా ఒక అంగుళం మిగులుతుంది. ఆర్డెన్ ఆ లెక్కను రెండుసార్లు చెప్పించుకున్నాడు. సాయంత్రం ట్రక్కు గ్యారేజిలోకి దూరుతుంటే కంచె అవతల ఓర్విల్ చేతులు కట్టుకుని చూశాడు. దూలానికీ చట్రానికీ మధ్య సరిగ్గా ఒక అంగుళం. ఆర్డెన్ కిందికి దిగి, ఆ అంగుళాన్ని తనే చెక్కి చేసినవాడిలా చూసుకున్నాడు.

ఆ గ్యారేజిని ఆర్డెన్ తండ్రి ఓలఫ్ యాభై ఐదేళ్ళ కిందట సొంత చేతులతో కట్టాడు. పొడుగ్గా సన్నగా ఉంటుంది. ముందు లినెట్ కారు, దాని వెనక ట్రక్కు. తలుపు మీద దూలానికి ఓలఫ్ తన పేరు చెక్కుకున్నాడు. ఆయన పోయి పదేళ్ళయింది. అప్పటినుంచి ఆ దూలానికి ఎవరూ ఒక మేకు కూడా కొట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఏటిలో మంచుగడ్డలు కదిలి, నీళ్ళు పొంగడం మొదలైంది. గట్టు ఎత్తు చేయడానికి ఇసుక కావాలని చర్చివాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. ఆర్డెన్ కుర్చీలో నిద్రపోతున్నాడు. లినెట్ అతన్ని లేపలేదు. గ్యారేజి తలుపు తెరిచి, ట్రక్కు వెనక తొట్టిలో నవంబరు నుంచి ఉన్న పది బస్తాలనూ వాళ్ళకు అప్పగించింది. తొట్టి తుడిచి, తలుపు మూసి వచ్చింది. రెండు వారాలుగా చెబుతున్న పని ఇరవై నిమిషాల్లో అయిపోయిందని ఆమెకు హాయిగా అనిపించింది. వెనక భాగం మెల్లగా పైకి లేవడం ఆమె చూడలేదు. చూసినా, బరువు దిగిన బండి లేవడం సహజమేగా అనుకునేది.

సోమవారం ఉదయం ఏడింటికి ఆర్డెన్ ట్రక్కు ఎక్కి వెనక్కి పోనిచ్చాడు. ధన్ మని మోత వచ్చింది. దూలం మీది దుమ్ము యాభై ఐదేళ్ళదీ ఒకేసారి రాలింది. దిగి చూస్తే చట్రం దూలం కంటే ఒక అంగుళం ఎత్తున ఉంది.

మోత విని లినెట్ పరుగెత్తుకొచ్చింది. తొట్టి వైపు, చట్రం వైపు, దూలం వైపు ఒక్కసారి చూసింది. "నువ్వు కొలిచినప్పుడు వెనక ఇసుక ఉంది కదా?"

ఆర్డెన్ ఖాళీ తొట్టిలోకి చూశాడు. శీతాకాలంలో అక్కడ ఎవరి ట్రక్కు చూసినా తొట్టిలో ఇసుక బస్తాలుంటాయి, వెనక చక్రాలు మంచు మీద జారకుండా. ఆరువందల పౌన్ల బరువుకు వెనక భాగం రెండంగుళాలు కుంగుతుంది. నవంబరులో చట్రం పెట్టించిన నాటినుంచి ట్రక్కును ఇసుక లేకుండా అతను ఒక్కరోజూ చూడలేదు.

"ఇసుక ఏది?"

"ఏటి గట్టులో."

తప్పు సమానంగా పంచుకోవాల్సి వచ్చినప్పుడు పోట్లాట కూడా సాగదు. ట్రక్కు కదిలితే గానీ దాని ముందున్న తన కారూ బయటికి రాదు కాబట్టి లినెట్ మెల్లగా ఒక్కొక్కటీ అడిగింది. చట్రం ఊడదీస్తే? వెల్డింగ్ చేసింది ఓర్విల్, ఆయన అతికింది ఊడదు. టైర్లలో గాలి తీస్తే? మళ్ళీ కొట్టాలంటే పంపు ఓర్విల్ దగ్గర ఉంది. దూలం కోస్తే? ఆ మాట ఆమె పూర్తి చేయనే లేదు, ఇద్దరూ ఓలఫ్ పేరు వైపు చూసి తల దించుకున్నారు. పోనీ, ఓర్విల్‌నే కారు అడిగితే?

"అడగను. అంగుళం మిగులుతుందని అతని ముందే కొలిచి చూపించాను."

"మీ అమ్మ కన్ను ముఖ్యమా, నీ అంగుళం ముఖ్యమా?"

"కన్నే. ఎనిమిదింపావుకు బయల్దేరతాం." అప్పుడు అతనికి ఆలోచన తట్టింది. ఇసుక పోతేనేం, బరువు కావాలి అంతేగా. ఆరుగురు మగవాళ్ళు తొట్టిలో కూర్చుంటే ఇసుక కంటే రెట్టింపు.

అతను చర్చికి ఫోన్ చేశాడు. పాస్టరు జోడీ ఊరికి కొత్త, మంచి మనిషి. ఆమెతో తను మాట్లాడిన మాటలన్నీ ఆర్డెన్ తరువాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఒక్కటైనా అబద్ధం కాదనే అన్నాడు.

"పాస్టరు గారూ, నాకు ఆరుగురు మగవాళ్ళు కావాలి. కాస్త గట్టివాళ్ళు. ఎనిమిదికల్లా."

అటువైపు గొంతు తగ్గింది. "ఆర్డెన్... ఏం జరిగింది?"

"ఫోన్లో చెప్పలేను. అమ్మ కోసమే."

"ఆవిడ ఇప్పుడు..."

"పడుకుని ఉంది. నీలం గౌను వేసుకుంది. కళ్ళు మూసుకుంది." అదీ నిజమే. ఆపరేషనుకు ముందు చుక్కలు వేసుకుని పావుగంట కళ్ళు తెరవకూడదన్నారు.

"ఇంకేం మాట్లాడకండి. అంతా నేను చూసుకుంటాను" అంది జోడీ. ఎందుకని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, ఎంత సంస్కారం అనుకున్నాడు ఆర్డెన్.

అంత ఉదయం ఇంటికి ఆరుగురు మగవాళ్ళను రమ్మంటే ఆ ఊళ్ళో అర్థం ఒక్కటే. శవపేటికకు పట్టుకోవడానికి పిడులు ఆరుంటాయి. చర్చిలో కష్టసుఖాలు చెప్పుకోవడానికి ఒక ఫోన్ల గొలుసు ఉంది, ఒకరు ఇద్దరికి, ఇద్దరు నలుగురికి. పది నిమిషాల్లో ఊరంతా పొయ్యిలు వెలిగించింది.

ఎనిమిదికి పది నిమిషాల ముందు కార్లు వచ్చాయి. శవయాత్రలో లాగా పట్టపగలు లైట్లు వేసుకుని, వరసగా, నెమ్మదిగా. ఆరుగురు మగవాళ్ళు నల్ల సూట్లలో దిగారు. ఆడవాళ్ళు ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన, చావింటికి ఇచ్చే హాట్‌డిష్ వంటకాల పళ్ళాలను తువాళ్ళలో చుట్టి పట్టుకున్నారు. ప్రతి పళ్ళెం అడుగునా యజమాని పేరు అంటించి ఉంది, ఎలాంటి దుఃఖంలోనైనా పళ్ళెం తిరిగి రావాలి కదా. అందరికంటే చివర ఓర్విల్ వచ్చాడు. పెళ్ళినాటి సూటు బొత్తాలు పడక కోటు తెరుచుకుని ఉంది. ఒక చేతిలో గాలి పంపు.

సూట్లు చూసి ఆర్డెన్ ఆశ్చర్యపోయాడు. సోమవారం ఇంతమందికి ఒకేచోట పనేమిటో అనుకున్నాడు. అడిగే తీరిక లేదు. "వచ్చారు, అదే చాలు. గ్యారేజిలోకి రండి" అన్నాడు.

ఆరుగురూ టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని అతని వెనక నడిచారు. గ్యారేజి గుమ్మం దగ్గర ఓర్విల్ పాస్టరు చెవి దగ్గర వంగాడు. "గ్యారేజిలో పెట్టాడేంటి?"

"చల్లగా ఉంటుందని కావచ్చు" అంది జోడీ మెల్లగా.

ఆర్డెన్ తొట్టి తలుపు దించి ఎక్కమన్నాడు. ఒక్కొక్కరే ఎక్కారు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, గోడలకు వీపులు ఆనించి కూర్చున్నారు. మధ్యలో బారుగా ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. ఆర్డెన్‌కు ఆ ఖాళీ ఎందుకో అర్థం కాలేదు. "మధ్యకు జరగండి, బరువు మధ్యలో ఉండాలి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఎదురుగా ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

అయినా ట్రక్కు కుంగింది. చట్రానికీ దూలానికీ మధ్య మూడు వేళ్ళు దూరేంత సందు వచ్చింది. లినెట్ దూలం కింద నిలబడి, రమ్మని చేత్తో సైగ చేసింది. ఆర్డెన్ వెనక్కి పోనిచ్చాడు. నల్ల సూట్ల ఆరుగురు తలలు వంచుకుని, కొత్త టైర్ల మీద గంభీరంగా, అడుగడుగుగా వెలుతురులోకి వచ్చారు. ఆడవాళ్ళలో ఒకరు కళ్ళు తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడు వరండా తలుపు తెరుచుకుంది. నీలం గౌను, చేతిలో సంచీ, తల మీద టోపీతో బెర్నీస్ బయటికి వచ్చింది.

"ఒరేయ్ ఆర్డెన్, ఎనిమిదీ పదయింది. ఈ జనమంతా ఎవర్రా?"

పాస్టరు జోడీ చేతిలోని పళ్ళేన్ని పక్కావిడ పట్టుకోకపోతే అది మెట్ల మీద పడేదే. తొట్టిలో ఒకాయన లేచి నిలబడబోయి చట్రానికి తల కొట్టుకున్నాడు. ఓర్విల్ తన టోపీ తల మీద పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, ఏం చేయాలో తోచక పంపు మీద పెట్టాడు.

విషయం బయటపడడానికి రెండు నిమిషాలు చాలింది. ఆర్డెన్ చెప్పింది తక్కువ, లినెట్ చెప్పింది ఎక్కువ. టైర్లు, ఇసుక, అంగుళం, అన్నీ. ఆర్డెన్ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. బెర్నీస్ మాత్రం మెట్లు దిగి, పళ్ళాల దగ్గరికి వెళ్ళింది. కళ్ళు కనిపించకపోతేనేం, ఒక్కొక్క తువాలూ ఎత్తి వాసన చూసింది.

"ఇది బంగాళాదుంపలది. ఇదీ బంగాళాదుంపలదే. నాకోసం ఒక్కరూ చికెన్ చేయలేదా?" తరువాత ఇనుము వాసన వచ్చిన వైపు తిరిగింది. "ఓర్విల్, నీ చేతిలో అదేంటి?"

"గాలి పంపు, బెర్నీస్. చావు జరిగిన ఇంటి వస్తువు నా దగ్గర ఉంచుకోవడం బాగుండదని..."

"అంటే నేను చచ్చాక గానీ పంపు తిరిగి రాలేదన్నమాట."

ముందు నవ్వింది పాస్టరే. ఆ తరువాత వాకిలంతా నవ్వింది, పోయిందనుకున్నది చేతికి దొరికితే నవ్వే నవ్వు. ఓర్విల్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

తన కారులో తీసుకెళతానని ఓర్విల్ ముందుకొచ్చాడు. పేకాటలో మోసం చేసేవాడి బండిలో కంటి ఆపరేషనుకు వెళ్ళనంది బెర్నీస్. కానీ ట్రక్కు తలుపు దగ్గరికి వెళితే మెట్టు ఆవిడ నడుము దాకా ఉంది. లినెట్ ఆర్డెన్ వైపు చూసింది. అతను మెట్టు వైపు చూశాడు. అప్పుడు ఆరుగురూ తొట్టిలోంచి దిగొచ్చి, అటు ముగ్గురు ఇటు ముగ్గురు నిలబడి, బెర్నీస్‌ను ఎత్తి సీటులో కూర్చోబెట్టారు.

"జ్ఞాపకం పెట్టుకోండి, నా ఎడమ మోకాలు జాగ్రత్త. నిజంగా మోసే రోజు కూడా" అంది బెర్నీస్.

బయల్దేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలుంది. అరగంటకు పైగా ఆలస్యం. లినెట్ కాగితం చేతిలో పట్టుకుని, ఆసుపత్రివాళ్ళను ఏమని బతిమాలాలో దారి పొడుగునా మనసులో కూర్చుకుంది. ఆర్డెన్ మీటరు ముల్లు అరవై ఐదు దాటకుండా నడిపాడు, తల్లి పక్కనుండగా అతను ఎప్పుడూ దాటడు. అయినా ఆసుపత్రి ముందు ఆగినప్పుడు గడియారం పదికి ఇంకా పది నిమిషాలుందని చెప్పింది. లినెట్ గడియారం చూసింది, మీటరు చూసింది, కొత్త టైర్లతో అది తక్కువ చూపిస్తుందని దుకాణం మనిషి అన్నాడని భర్త చెప్పింది గుర్తొచ్చింది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. వండే పని లేదు, బల్ల మీద ఏడు పళ్ళాలున్నాయి. బెర్నీస్ ఒక కంటికి చిల్లుల ప్లాస్టిక్ మూత ఉంది. ఆ మూతలోంచే ఆవిడ ప్రతి పళ్ళేన్నీ ఎత్తి అడుగున పేర్లు చదివింది. చదవగలగడం కోసమే చదివింది. ఐదో పేరును ఆవిడ రెండుసార్లు చదివింది, లినెట్ లేచి నీళ్ళు పోసింది.

ఆర్డెన్ చెంచా కింద పెట్టాడు. "ఒకటి నిర్ణయించాను. రేపు దుకాణానికి వెళ్ళి పాత సైజు టైర్లే వేయించుకుంటాను. ఎంత నష్టమైనా సరే."

"వేయించుకోవు" అంది బెర్నీస్.

ఇద్దరూ తలెత్తారు.

"తిరిగొచ్చేటప్పుడు అంతా చూశాను. కంచెల మీదుగా. పొలాల్లో నిలిచిన నీళ్ళు, వాటిలో బాతులు, ఓర్విల్ ఇంటి కప్పు మీద నాచు. ఇన్నేళ్ళూ మీ బండిలో కూర్చుని కంచె కర్రలు లెక్కపెట్టాను. ఆ టైర్లు ఉంటాయి. నాకొక పీట చేయించు. దూలం కోసి పైకి జరపండి."

"అమ్మా, అది నాన్న పేరు చెక్కిన దూలం."

బెర్నీస్ నెమ్మదిగా మూతి తుడుచుకుంది. "మీ నాన్న దాన్ని నాలుగంగుళాలు కిందికి పెట్టాడు. తప్పు కొలిచాడు. పేరు చెక్కింది, ఊడదీయబోయి వదిలేసిన మేకుల కన్నాలు కప్పడానికి. బతికున్నంతకాలం ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఆయన బతికున్నంతకాలం చెప్పలేదు."

"దేంతో కొలిచాడు?" అంది లినెట్.

"దేంతోనా? నా కుట్టు టేపుతో."

తండ్రి అంతటివాడు కూడా తప్పు కొలిచాడన్న ఊరట ఆర్డెన్ ముఖంలో స్పష్టంగా కనిపించింది. ఇంకో గరిటె వడ్డించుకున్నాడు.

"అయితే దూలం జరుపుతాం. ఈసారి లినెట్ కొలుస్తుంది" అన్నాడు.

లినెట్ ఇంకా జవాబు చెప్పకముందే ఫోన్ మోగింది. ఓర్విల్. ఆపరేషను బాగా జరిగిందని విని చాలా సంతోషమని, బెర్నీస్ ఎలాగూ బాగానే ఉంది కాబట్టి గాలి పంపు ఒక్కరోజుకు కావాలని అడిగాడు.